నాలుగో సీసా

తొంభైల నాటి మాట. అప్పటికి తమ్ముడు కాలేజీ మానేసి గోడలతో మాట్లాడటం మొదలుపెట్టి ఏడాదైంది. ఇలాంటి జబ్బు కుటుంబాల్లో ఎలా వస్తుందో చూస్తున్నామని, ఇంటిల్లిపాదీ రక్తం ఇస్తారా అని ఒక డాక్టరమ్మ, ఉక్కు ప్లాంటు కార్మికులుండే క్యాంప్ 1లోని మా ఇంటికొచ్చి అడిగింది. ఆవిడ హిందీని అమ్మకి తెలుగులో చెప్పింది నేనే. పేరు రాయరు, నంబరే రాస్తారు, భయం లేదని వారం రోజులు వెంటపడ్డాను. "మా వైపు ఎవరికీ లేదు" అని అమ్మ అంటూంటే, చదువులేనిదానిలా మాట్లాడకని అరిచాను కూడా.

కరిగిన ఉక్కులోంచి శాంపిల్ తీసి లాబుకి పంపడం ప్లాంటులో నాన్న పని. "శాంపిల్ సూడకుండా ఏటి తెలుస్తాది?" అని డాక్టరమ్మ రక్తం తీసుకోడానికి వచ్చిన రోజు ముందు తనే చెయ్యి చాపాడు. తర్వాత అమ్మ, తమ్ముడు.

ట్రేలో నాలుగో సీసా ఖాళీగా ఉంది. నా రక్తంలో ఏం బయటపడుతుందో అనిపించింది. పొయ్యి మీద పాలున్నాయని చెప్పి వంటింట్లోకి పోయాను. పాలు లేవు. సర్దిన గిన్నెలే మళ్లీ సర్దాను.

మోచేతి దగ్గర దూది నొక్కుకుంటూ తమ్ముడు వెనకాలే వచ్చాడు.

"భయం లేదు దీదీ," అన్నాడు మెల్లగా. "పేరు రాయరు. నంబరే రాస్తారు."