అర్దీన్ రింగుల గలగల

అదేనండీ, చిన్న కార్డులో బోలెడు పాటలు పట్టాలి, పైగా బాగా వినబడాలి, మీరైనా అదే అడుగుతారు. మారిటేనియా రాజధాని నువాక్షోత్‌లో, ఫోన్ల బజారులోని యెస్లెమ్ కొట్టు ముందు పొద్దస్తమానం అదే గోల. పాత క్యాసెట్లలో పాటలు ఫోన్ల మెమరీ కార్డుల్లోకి ఎక్కించడం అతని పని. చెవి ఒక్కటే అతని చదువు. "మన కొట్టు నుంచి వెళ్లిన కార్డు బాగాలేదని తిరిగొచ్చింది లేదు" అని ఛాతీ విరుచుకుని చెప్పేవాడు. నిజమే, జైనబూ వచ్చేదాకా.

ఆమె తెచ్చిన క్యాసెట్‌లో వదిన మునీనా అర్దీన్ వాయిస్తూ పాడిన పాటలున్నాయి. అర్దీన్ ఆడవాళ్లు వాయించే తీగల వాద్యం. దాని కర్రకు వేలాడే ఇనుప రింగులు మీటినప్పుడల్లా గలగలమంటాయి.

"మా వదిన పోయినప్పుడు మా అన్న సిదాతీ ఎడారిలో ఒంటెల వెనక ఉన్నాడు నాయనా, కడసారి చూపు కూడా దక్కలేదు. కనీసం ఆమె పాటన్నా వినాలి. సాయంత్రం అటు లారీ పోతోంది. ఇదిగో మా అన్న పంపిన ఫోను కార్డు. ఇందులో ఖురాను పారాయణం ఉంది, దాని మీద మాత్రం చెయ్యి వెయ్యకు."

కార్డులో మిగిలిన చోటు కొంచెమే. యెస్లెమ్ బిట్‌రేటు బాగా తగ్గించాడు. పాటలన్నీ పట్టాయి గానీ గొంతు నీళ్లలోంచి పలికినట్టు వచ్చింది. దాంతో శాంప్లింగ్ రేటు కూడా దించాడు. గొంతు తేటపడింది. మందలు కాసేవాళ్ల ఫోన్లకు బజారంతా చేసేది ఇలాగే.

జైనబూ ఫోను చెవికి ఆనించుకుంది. కాసేపటికి మొహం మాడ్చుకుంది.

"రింగులేవిరా?"

"ఏ రింగులత్తా?"

"అర్దీన్ రింగులు! ఆ గలగల విని మా అన్న చీకట్లో గుడారం ఎటుందో పోల్చుకునేవాడు. ఇందులో మా వదిన చెయ్యేది?"

"ఒరేయ్, నీ కార్డు తిరిగొచ్చిందిరోయ్!" పక్క కొట్టతను కేకేశాడు.

"నువ్వు ముందు నీ ఛార్జర్లు మాడిపోకుండా చూసుకో!" అని యెస్లెమ్ టీ పళ్లెం ముందుకు లాక్కున్నాడు. "చూడత్తా. బిట్‌రేటంటే సెకనుకి నాకు దొరికే చక్కెర. శాంప్లింగ్ రేటంటే ఆ సెకనులో నేను నింపాల్సిన గ్లాసులు. చక్కెర తక్కువుందని గ్లాసులు తగ్గించా. ఉన్నవాటికి తీపి దక్కింది. కానీ గ్లాసులు తగ్గితే సన్నటి చప్పుళ్లకి వాటా రాదు. రింగులు అక్కడే పోయాయి."

"అయితే గ్లాసులు పెంచు."

"ఆ చక్కెరతోనే పెంచితే అన్నీ చప్పనే. గొంతు మళ్లీ మునుగుతుంది."

"చక్కెర కూడా వెయ్యవయ్యా మరి, నీ సొమ్మేం పోయింది?"

"కార్డులో చోటు తినేది ఆ చక్కెరేనత్తా, గ్లాసులు కాదు. చక్కెర పెంచితే ఒక్క పాటే పడుతుంది."

జైనబూ ముసుగు అంచు వేలికి చుట్టుకుంది.

"పెళ్లిపాట పెట్టు. మధ్యలో ఒకచోట నవ్వుతుంది."

యెస్లెమ్ రెండూ పెంచి మళ్లీ ఎక్కించాడు. ఫోనులో రింగులు గలగలమన్నాయి. "ఆఁ, ఇప్పుడొచ్చింది మా వదిన" అంది జైనబూ. కార్డు లారీలో వెళ్లిపోయింది.

"మిగతా పాటలు పెద్ద కార్డులో ఎక్కించి వచ్చే లారీకి నేనే ఇస్తా" అని యెస్లెమ్ మాటిచ్చాడు. ఎక్కించాడు కూడా, ఒక్క రింగు పోకుండా. లారీ రోజున కార్డు తన వదులు అంగీ, దర్రా జేబులో వేసుకుని బయల్దేరబోతుంటే పక్క కొట్టతను టీ పెట్టాడు. అక్కడ టీ అంటే మూడు విడతలు, మూడో గ్లాసు తాగకుండా లేస్తే పెట్టినవాడిని అవమానించినట్టే. కూర్చున్నాడు. మూడో గ్లాసుకి నురగ పట్టేసరికి లారీ హారన్ ఊరి చివర వినబడింది.

పెద్ద కార్డు ఇంకా ఆ జేబులోనే ఉంది.