తాబేటి చిప్పకు నేను పొడిచిన తూటు

మొన్న ఆదివారం ఆరాధన ముగించుకొని వచ్చి కళ్ళద్దాలు తుడుచుకుంటూ కూర్చున్న వేళ, తిరుపతి నుంచి మా అక్క కూతురు ఫోను చేసింది. తన మనవరాలికి ఈ క్రిస్మస్‌కు కొత్త గౌను వద్దట, బొమ్మ వద్దట, గాజుతొట్టిలో పెట్టి అమ్మే చిన్న తాబేలు కావాలట. ఇంట్లో సగం మంది ఇద్దామనీ సగం మంది వద్దనీ వాదులాడుకుంటున్నారు, సైన్సు చదివినదానివి నువ్వు తేల్చి చెప్పు చిన్నమ్మా అని అడిగింది. ఎనభై దాటిన నన్ను ఇంకా ఇటువంటి తగవులు తీర్చడానికి పిలుస్తున్నందుకు మామూలుగా అయితే సంతోషించేదాన్నే. కానీ అడిగిన మనిషి ఆమె. రేపు చెబుతానని ఫోను పెట్టేశాను.

నా ఈడు వారికి రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న ఆ సంవత్సరాలు జ్ఞాపకం ఉండే ఉంటాయి. కిరసనాయిలు కోసం వరసలో నిలబడడం, కార్డు బియ్యంలో రాళ్ళు ఏరుకోవడం, పోస్టుమాన్ సైకిలు గంట వినపడితే వీధిలోని ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా గుమ్మాలలోకి రావడం, ఇవన్నీ అప్పటి మా దినచర్యలో భాగాలు. చిత్తూరులో చర్చి వెనక సందులోని పెంకుటింట్లో మేము ముగ్గురం ఉండేవాళ్ళం: మా అక్క, ఎనిమిదేళ్ళ ఆమె కూతురు, నేను. మా బావ పటాళంలో కాంపౌండరుగా చేరి తూర్పున ఎక్కడో ఉన్నాడు, అది ఏ చోటో ఉత్తరాలలో రాయనిచ్చేవారు కాదు. మద్రాసులో చదువు ముగించుకొని వచ్చిన నేను ఆడపిల్లల హైస్కూలులో సైన్సు చెప్పేదాన్ని, చెప్పే విషయాలన్నీ నాకు తెలుసునని గట్టిగా నమ్మేదాన్ని.

ఎవరు ఏమి చెప్పినా పరీక్షించి చూడనిదే ఒప్పుకోకపోవడం అప్పట్లో నా వ్రతం. వేసవిలో మా బావినీళ్ళు చల్లబడతాయని పక్కింటి అవ్వ అంటే, బడి నుంచి థర్మామీటరు తెచ్చి తాడుకు కట్టి బావిలోకి దించి, మారుతున్నది నీళ్ళు కావు, బయటి గాలి అని ఆమెకు అంకెలు చూపించాను. అవ్వ ఆ అంకెలను చాలా సేపు చూసి, "ఇవి తాగితే దప్పిక తీరతాదా?" అని అడిగి లోపలికి వెళ్ళిపోయింది. ఆమెను నేను గెలిచాననే అనుకున్నాను.

ప్రతి శనివారం పడమటి గుట్టల నుంచి ఒక ముసలాయన కట్టెల మోపు నెత్తిన పెట్టుకొని మా ఇంటికి వచ్చేవాడు. మోపు దించి, అక్క ఇచ్చిన మజ్జిగ తాగి, మా పాపతో నాలుగు మాటలు చెప్పి వెళ్ళేవాడు. డిసెంబరు మొదట్లో ఒక శనివారం ఆయన తలగుడ్డ విప్పి అందులోంచి ఒక తాబేలును తీసి నేలమీద పెట్టాడు. మా గుట్టల తాబేళ్ళ సంగతి తెలిసినవారికి చెప్పనక్కరలేదు. నల్లటి చిప్ప మీద ప్రతి గడిలోనూ నడిమి నుంచి పసుపు గీతలు కిరణాలలాగా విచ్చుకొని ఉంటాయి. చర్చిలో ఆ వారమే నక్షత్రం చూసి నడిచిన జ్ఞానుల కథ నేర్చుకున్న పాప మోకాళ్ళ మీద కూర్చొని, "చిన్నమ్మా, ఆ నక్షత్రం దీని ఈపు మింద ఉండాది. ఒకటి గాదు, శానా ఉండాయి," అంది.

"పాపకు సూపిచ్చుదామని తెచ్చినానమ్మా," అన్నాడు ముసలాయన. "పొయ్యేటప్పుడు ఆడనే ఇడిసేస్తాను. దాని జాగా దానికుండాది."

ఆ రోజు నుంచి పాపకు క్రిస్మస్‌కు మరేమీ అక్కరలేకపోయింది. నాన్న ఉత్తరం రాని ఏడాది అది. బిడ్డ నోరు తెరిచి అడిగినది అదొక్కటే. అక్క మాత్రం వద్దంది. ఎందుకు వద్దో చెప్పలేదు, నేనూ అడగలేదు, ఎందుకంటే కారణం నాకు తెలుసుననుకున్నాను. తాబేలు వచ్చిన ఇంటికి కీడు జరుగుతుందని మా వైపు ఒక నమ్మకం ఉంది. పక్కింటి అవ్వ గోడ మీదుగా, "ఇంటి మొగోడు దండులో ఉండాడు, ఇప్పుడా మీకు తాంబేలు?" అని దెప్పనే దెప్పింది. అక్క కూడా బావను తలచుకొని అందుకే భయపడుతోందని తీర్మానించుకొని, పండుగకు కజ్జికాయలు వత్తుతున్న మూడు సాయంత్రాలూ కార్యకారణ సంబంధం గురించి ఆమెకు ఉపన్యాసమిచ్చాను. నాలుగో రోజు అక్క పిండి చేతులు దులుపుకొని, "నీతో వాదించే చదువు నాకు లేదు. నీ ఇష్టంలేవే," అంది. దాన్ని అంగీకారంగా లెక్కవేసుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే ఆ కానుక పాప కోసం ఎంత ఇచ్చానో, ఒక మూఢనమ్మకాన్ని ఓడించడం కోసం ఎంత ఇచ్చానో విడదీసి చెప్పలేను.

ముసలాయన ఇష్టం లేకుండానే, నా మాట తీసివేయలేక, పండుగ ముందు రోజు పొద్దున తాబేలును తెచ్చాడు. ఇది నేలతాబేలు, నీళ్ళలో పెట్టకూడదు అని పాపకు నేనే చెప్పాను. అది నిజమే, అప్పుడు నేను చెప్పిన వాటిలో నిజమైనవి చాలా ఉన్నాయి, నా తప్పు అంతకాలం దాగడానికి అవే సాయపడ్డాయి. అది పారిపోకుండా చిప్ప అంచుకు తూటు పొడిచి తాడు కట్టాలనుకొని, బడి వడ్రంగి దగ్గర చేతి బరమా అడిగి తెచ్చాను. అది చూసి ముసలాయన ముఖం మారింది.

"టీచరమ్మా, ఆ చిప్ప దాని ఒళ్ళే. నొప్పి ఉంటాది తల్లీ."

"గోరు కత్తిరించుకుంటే నీకు నొప్పి పుడుతుందా? ఇదీ అంతే," అన్నాను.

ఆయన తన బొటనవేలి గోరు కేసి చూసుకొని, "కొస కోస్తే నొప్పి లేదమ్మా. గోటి కింద ముల్లు దిగితే?" అన్నాడు.

చదువు లేని మనిషి ప్రశ్నకు నవ్వినట్టుగా నవ్వి బరమా తిప్పాను. తాబేలు తలా కాళ్ళూ లోపలికి లాక్కుంది. తెల్లటి పొడి రాలింది. ఆ తరువాత, బరమా బయటికి తీసినప్పుడు, ఆ తూటు అంచున ఒక చుక్క నెత్తురు నిలిచింది. ఒకే చుక్క. దాన్ని నేను చూశాను. గోరు వంటి వస్తువులో నెత్తురు ఉండదని తెలిసీ, అది కింది చర్మం ఎక్కడో గీసుకుపోయి వచ్చినదై ఉంటుందని నాకు నేనే చెప్పుకొని, ఎవరూ చూడకముందే పైట చెంగుతో తుడిచేశాను. పిల్లలకు పరిశీలన అంటే ఏమిటో నల్లబల్ల మీద రాసి నేర్పే నేను ఆ పని చేశాను.

పండుగ నాడు పాప మునగచెట్టు కింద దానికి బంతిరేకులు చల్లి, కజ్జికాయ ముక్క పెట్టి, మధ్యాహ్నం దాకా పక్కనే కూర్చుంది. అది తల బయట పెట్టలేదు. మూడో రోజు నా నోటుపుస్తకంలో ఇలా రాసుకున్నాను: ఆహారం ముట్టలేదు, కారణం చలి. ఐదో రోజు తూటు చుట్టూ చీమలు చేరాయి. టింక్చరు పూశాను. పాప నా పక్కన నిలబడి, "అది ఏడస్తా ఉందేమో చిన్నమ్మా, మనకు ఇనపడలేదేమో," అంటే, ఏడవడానికి కావలసిన అవయవాలు దానికి లేవని వివరించాను.

ఆ శనివారం నేను బజారు నుంచి వచ్చేసరికి తాబేలు లేదు. మునగచెట్టుకు తాడు మిగిలి ఉంది, దాని కొస నున్నగా కోసి ఉంది. పొద్దున ఇంటికి వచ్చిన బయటి మనిషి కట్టెల ముసలాయన ఒక్కడే. నాకు అంతకన్నా రుజువు అక్కరలేకపోయింది. తరువాతి శనివారం ఆయన మోపు దించకముందే, వీధిలో నలుగురూ వింటుండగా, ఇచ్చిన తాబేలును దొంగిలించి ఇంకో ఇంట్లో అమ్ముకున్నావా అని నిలదీశాను.

ఆయన మోపు దించి గోడకు చేరవేశాడు. వాకిలి పట్టుకొని నిలబడిన పాప వైపు ఒకసారి చూశాడు. "నేనే తీసకపోయినానమ్మా," అన్నాడు. "దాని జాగాలో ఇడిసినాను."

"రుజువేమి?"

"రుజువు యాడ తెచ్చేది తల్లీ? అది గుట్టలో ఉండాది."

ఆ పైన నేనన్న మాటలు ఇక్కడ రాయడానికి చేయి రావడం లేదు. ఇక మా గడప తొక్కవద్దన్నదే వాటిలో కాస్త మర్యాదైనది. ఆయన కట్టెలు అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం పాప అన్నం తినకుండా వచ్చి నా ముందు నిలబడింది. తాడును కత్తిపీట మీద కోసింది తానేనట. తాబేలును తాత చేతుల్లో పెట్టి, గుట్టలో వదిలేయమనీ, చిన్నమ్మకు తన పేరు చెప్పవద్దనీ అడిగిందట. ఆయన ఆ మాట నిలబెట్టుకున్నాడు, వీధి మొత్తం ముందు దొంగ అనిపించుకొని నిలబెట్టుకున్నాడు. అక్కకు ముందే తెలుసు. నాకెందుకు చెప్పలేదని అరిచాను.

"చెప్తే రుజువు అడుగుతావు," అంది అక్క, చేటలోని బియ్యం మీద నుంచి చూపు తిప్పకుండా. "నేను వద్దన్నది కీడని గాదే. అది నోరు లేంది. నొప్పి అని చెప్పలేదు. నువ్వేమో చెప్పినోళ్ళనే నమ్మవు."

గుట్టల కింద ఆయన ఉండే పల్లె నాలుగు మైళ్ళు. ఆ రోజే బయలుదేరి ఉంటే చీకటి పడకముందే తిరిగి వచ్చేదాన్ని. శనివారం వస్తాడు కదా, అప్పుడు చెప్పుకుందామనుకున్నాను. రాడని నాకు తెలుసు, నా నోటితోనే రావద్దన్నాను. పల్లెకు పోయి ఫలానా మనిషి అని అడగడానికి ఆయన పేరు కూడా తెలియదని మరో సాకు చెప్పుకున్నాను. రెండేళ్ళు ఆయన తెచ్చిన కట్టెల మీద వండిన అన్నం తిన్నాను, ప్రయోగశాలలోని సీసాల పేర్లన్నీ కళ్ళు మూసుకొని చెప్పేదాన్ని, ఆయన పేరు ఏనాడూ అడగలేదు. అక్కను అడిగితే చెప్పేది. అక్కనూ అడగలేదు.

యుద్ధం ముగిశాక బావ చిక్కి సగమైనా క్షేమంగా ఇల్లు చేరాడు. నేను వెంటనే గోడ దగ్గరకు వెళ్ళి, తాబేలు వచ్చిన ఇంటికి ఏ కీడూ జరగలేదని పక్కింటి అవ్వకు గుర్తు చేశాను, అది కూడా చేశాను. కొన్నేళ్ళకు ఒక జంతుశాస్త్ర గ్రంథంలో, తాబేటి చిప్ప పైపొర కొమ్ము వంటిదే అయినా దాని కింద ఉన్నది నెత్తురూ నరాలూ పారే సజీవమైన ఎముక అని చదివి, ఆ వాక్యం కింద పెన్సిలుతో గీత గీశాను. రిటైరయ్యే వరకు ఏటా ఆ పాఠాన్ని తప్పు లేకుండా చెప్పాను. ఎలా నేర్చుకున్నానో మాత్రం ఏ తరగతికీ చెప్పలేదు.

సోమవారం పొద్దున నేనే తిరుపతికి ఫోను చేసి, ఇవ్వవద్దు అన్నాను. అమ్మమ్మ అయిన ఆ పాప నవ్వి, "నేనూ అదే చెప్పినా చిన్నమ్మా. నువ్వు చెప్తే ఇంటారని అడిగినా," అంది. అక్కడితో ఆపి ఉండవచ్చు. కానీ అరవై ఏళ్ళుగా ఎవరికీ చెప్పని మాట గొంతులోకి వచ్చింది. ఆ రోజు తూటు అంచున నెత్తురు చుక్క నాకు కనిపించిందనీ, చూసీ తుడిచేశాననీ చెప్పాను.

"నేనూ సూసినా చిన్నమ్మా," అంది. "నీ ఎనకాలే ఉండాను కదా."

ఇప్పుడు మా వంటింట్లో గ్యాసు పొయ్యి ఉంది, కట్టెలు మోసుకొని ఎవరూ గడపకు రారు. ఆ గుట్టల అంచుదాకా మేడలు లేచాయి, ఆ తాబేళ్ళను ఇళ్ళలో ఉంచుకోవడాన్ని చట్టమే నిషేధించింది. ఇది మంచి మార్పేనని ఒప్పుకుంటాను. అయితే మొదటి శనివారమే ఒక ముసలాయన దాన్ని ఎక్కడ తీసుకున్నాడో అక్కడే వదిలేస్తానన్నాడు. అక్కకూ, ఎనిమిదేళ్ళ పిల్లకూ చట్టం అక్కరలేకుండానే ఆ సంగతి తెలిసింది. మా ఇంట్లో అది తెలియని మనిషి నేనొక్కదాన్నే. ఆయన పేరు చెప్పగలిగిన మా అక్క పోయి కూడా ఇప్పటికి చాలా ఏళ్ళయింది.