గంట మేస్త్రి చెక్కిన వరాహం

శిల్పాల షెడ్డులో ఆయన్ని అందరూ గంట మేస్త్రి అనేవారు. కొత్త రాయి వస్తే సుత్తితో తట్టి చెవి ఒగ్గేవాడు. గంటలా మోగితే మంచి రాయి, పగిలిన కుండలా పలికితే లోపల ఎక్కడో పగులు జీర ఉన్నట్టు. ఆ విషయంలో ఆయన మాటకు తిరుగులేదు.

ముప్పై ఏళ్లు ఉలి చప్పుడులో నానిన ఆ చెవులు యాభై దాటేసరికి మొరాయించాయి. ముందు కనిపెట్టింది భార్య. కుక్కరు ఆరు ఈలలు వేసినా పక్కనే కూర్చున్న మనిషి తల తిప్పలేదు.

"ఓనరుగారికి చెప్పెయ్యండి," అంది.

"చెప్తే రేపట్నుంచి నన్నెవరు పిలుస్తారే?"

ఆ ఏడాదే ఆరడుగుల వరాహమూర్తికి పని వచ్చింది. రాయి ఎంచే రోజున మేస్త్రి తట్టాడు. చేతికి అదురు తెలిసింది గాని చెవికి ఏమీ అందలేదు. చుట్టూ అందరూ ఆయన నోటి వంకే చూస్తున్నారు.

"బాగుంది," అన్నాడు.

అక్కడే పనిచేసే బావమరిది దగ్గరికి వచ్చాడు. "బావా, కాస్త బొంగురుగా పలికింది. ఇంకోసారి కొట్టి చూడు."

"గుడ్డొచ్చి పిల్లని వెక్కిరించిందట! నువ్వు నాకు నేర్పుతావురా?"

నలుగురూ నవ్వారు. బావమరిది తల దించుకున్నాడు.

ఎనిమిది నెలల్లో రాయి దేవుడైంది. మనిషి ఒళ్లు, పంది ముఖం, కాలి కింద చుట్టలు చుట్టిన పాము. మడిచిన ఎడమ చేతి మీద భూదేవి కూర్చుని, అరచేత్తో ఆయన మూతిని తాకబోతోంది. నీళ్లలోంచి అప్పుడే పైకి వచ్చిన మనిషికుండే బెదురును మేస్త్రి ఆమె కళ్లలో నిలిపాడు.

ఇక ఆ మూతికీ అరచేతికీ మధ్య సందు తీయడమే మిగిలింది. రెండు దెబ్బలు వేశాడో లేదో, రాయి చిట్లిన చప్పుడు షెడ్డంతా వినబడింది. ఆయనకు తప్ప. మళ్లీ ఉలి ఆనించబోతుంటే బావమరిది ఆయన చొక్కా పట్టి వెనక్కి లాగాడు. దేవుడి చెయ్యి భుజం దగ్గర ఊడి, దేవితో సహా నేల మీద పడింది.

ఓనరు పరుగున వచ్చి ఏదో అరిచాడు. మేస్త్రి ఆయన పెదవుల వంక చూస్తూ, "ఆ రోజు నాకు వినబడలేదండీ," అన్నాడు. షెడ్డులో ఎవరూ నవ్వలేదు.

భిన్నమైన విగ్రహం పూజకు పనికిరాదు. పలకలుగా కోసెయ్యమన్నాడు ఓనరు. "నేనే కోస్తాను," అన్నాడు మేస్త్రి. పాదాలు, పాము, నడుము రెండు రోజుల్లో అయ్యాయి. ముఖం దగ్గరికి వచ్చేసరికి చేతులాడలేదు.

"ఇంక నా వల్ల కాదురా," అని పనిముట్టు బావమరిది చేతిలో పెట్టాడు. కాసేపటికి, "నీకు తెలుసు కదా, గట్టిగా చెప్పొద్దూ?" అన్నాడు.

బావమరిది ఆయన చెవి దగ్గరికి వంగాడు. "చెప్పాను బావా. నువ్వు వినలేదు."

ఇప్పుడు మేస్త్రి ఓ మూల కూర్చుని ఉలులకు సాన పడుతున్నాడు. రాళ్ల లారీ వచ్చే రోజు మాత్రం ఒంట్లో బాగాలేదని ఇంట్లోనే ఉండిపోతాడు.