నేను పెట్టని ఆప్షన్

ఈ మాట ఇన్నేళ్లుగా నాతో పాటే తిరిగింది. క్లాసులోకి వచ్చింది, పెళ్లిళ్లకు వచ్చింది, రిటైర్మెంటు సభలో నాకు శాలువా కప్పుతుంటే పక్కనే నిలబడింది. మా ఆయనకు కూడా చెప్పలేదు. మీకెందుకు చెబుతున్నాను? మీ ముఖం నాకు కనిపించదు కాబట్టేమో. పేరు మాత్రం అడగకండి. బందరులో ఒక జూనియర్ కాలేజీలో బోటనీ చెప్పి రిటైరయిన మనిషిని. అంతవరకు తెలిస్తే చాలు.

ఒక పిల్లకు అన్యాయం చేశాను. ఆ పిల్ల దాన్ని మేలు అనుకుంది. వాళ్ల ఊరూ అలాగే అనుకుంది. నా బాధంతా అక్కడే ఉంది. నలుగురిలో నిలబెట్టి తిట్టి ఉంటే ఎప్పుడో తేలికపడేదాన్ని.

మంగినపూడి వైపు నుంచి, సముద్రం మీద వేటకు వెళ్లే ఇళ్ల పిల్లలు మా కాలేజీలో చేరేవారు. ఇంటర్ అయ్యాక ఏం చదవాలో, దేనికి ఎప్పుడు అప్లై చేయాలో ఇంట్లో చెప్పేవాళ్లు ఉండరు. చిలకలపూడిలోని మా ఇంటి ముందు గదిలో కూర్చోబెట్టుకుని అప్లికేషన్లన్నీ నేనే పెట్టేదాన్ని. రిజిస్టర్ చేసే ఫోను నంబరు కూడా నాదే ఇచ్చేదాన్ని. వాళ్ల ఇళ్లలో ఏ సిమ్ము ఎన్నాళ్లుంటుందో ఎవరికీ తెలియదు, మెసేజ్ వచ్చి ఎవరూ చూడకపోతే సీటు పోతుంది. సదుద్దేశమే. కానీ నిజం చెప్పనా? ఓటీపీలు, అలాట్‌మెంటు మెసేజ్‌లు అన్నీ నా ఫోనుకే రావడం నాకు బాగుండేది. ఊరి పిల్లల తాళంచెవులన్నీ నా కొంగున ఉన్నట్టుండేది. "మేడమ్ గారు చూసుకుంటారు" అనేవారు. చూసుకున్నాను, ఎందుకు చూసుకోలేదు!

దుర్గ ఆ పిల్లల్లో అందరికంటే తెలివైనది. బైపీసీ. రికార్డులో చేప మొప్పలు గీస్తే జువాలజీ ఆవిడ స్టాఫ్ రూములో అందరికీ చూపించేది. దానికి ఫిషరీస్ చదవాలని ఉండేది. డిగ్రీలో ఏదో ఒక సబ్జెక్టుగా కాదు, చేపల గురించే నాలుగేళ్లు చదివే ఆ కోర్సు. ఎందుకే అంటే, "మా నాన్న ఒక్కోరోజు ఖాళీ వలతో వస్తాడండి. చేపలు ఎటు పోతున్నాయో ఎవరూ చెప్పరు. నేను చదివి చెబుతానండి" అంది. ఎంత చక్కటి మాట! ఈ రోజు ఏ పిల్ల అయినా నాతో ఆ మాటంటే ఎత్తుకుని తిరుగుతాను. ఆ రోజు నాకు ఒళ్లు మండింది.

ఎందుకు మండిందో అప్పట్లో నాకు నేనే ఒక అందమైన కారణం చెప్పుకున్నాను. ఇంత కష్టపడి చదివి మళ్లీ ఆ చేపల్లోకేనా, ఏ ఫార్మసీయో చదివి, తెల్లకోటు వేసుకుని హాయిగా చల్లటి గదిలో పనిచేసుకోవచ్చు కదా, అని. దాని మంచి కోరే అనుకున్నాను. ఇప్పుడు తవ్వుకుంటే అడుగున వేరే ఉంది. మా స్టాఫ్ రూములో ఫిజిక్స్ ఆయన ఒకసారి టీ తాగుతూ, "మీరెంత చదివించినా చివరికి చేపల బుట్టేనండీ" అని నవ్వాడు. అందరూ నవ్వారు. ఆయనకు ఆ సాయంత్రానికే గుర్తుండి ఉండదు. నాకు మాత్రం గుచ్చుకుని అలాగే ఉండిపోయింది. దుర్గ తెల్లకోటు వేసుకున్న రోజున ఆయన ముందు నిలబడి మాట్లాడాలని ఉండేది. అంటే ఆ కోటు ఎవరి కోసం? దుర్గ కోసమా, నా కోసమా?

ఇంకా అడుగుకు వెళ్లనా? దుర్గ నాన్న ఏడుకొండలు మా ఇంటికి ఎప్పుడు వచ్చినా గేటు బయటే నిలబడేవాడు. లోపలికి రమ్మని నోటితో అనేదాన్ని, రానందుకు మనసులో హమ్మయ్య అనుకునేదాన్ని. మా ఇంట్లో చేపలు తినం. ఆ వాసన అంటే నాకు పడదు. ఆయన వెళ్లాక గేటు దగ్గర నీళ్లు చల్లిన రోజులున్నాయి. క్లాసులో మనుషులంతా ఒకటే అని చెప్పిన నోరే ఇది. ఛీ, రాస్తుంటేనే సిగ్గేస్తోంది.

ఆప్షన్లు పెట్టే రోజు వచ్చింది. ఈ పద్ధతి తెలియని వాళ్ల కోసం చెబుతాను. ఏ కోర్సు, ఏ కాలేజీ కావాలో మనమే కంప్యూటర్లో వరుసగా పెట్టుకోవాలి. ర్యాంకును బట్టి అందులోంచి ఒకటి ఇస్తారు. పెట్టనిది మాత్రం ఎంత మంచి ర్యాంకున్నా రాదు. అదే కౌన్సెలింగులో అగ్రికల్చర్ కాలేజీలూ ఉన్నాయి, ఫిషరీసూ ఉంది. దుర్గ ర్యాంకుకు అగ్రికల్చర్ రాదు, ఫిషరీస్ వస్తుంది. అంతకుముందు ఏడాది సీట్లు ఎంతవరకు వెళ్లాయో చూసి మరీ రూఢి చేసుకున్నాను.

"మొదట ఫిషరీస్ పెట్టండి మేడమ్" అంది పక్కన కూర్చుని. సరేనన్నాను. ఇంతలో గేటు దగ్గర నుంచి వాళ్ల నాన్న పిలిస్తే వెళ్లింది. అది తిరిగొచ్చేలోగా అగ్రికల్చర్ కాలేజీలు మాత్రం పెట్టి లాక్ చేసేశాను. ఓటీపీ నా ఫోనుకే కదా వచ్చేది. దుర్గ వచ్చి, "అయిపోయిందాండీ?" అంది. "అయిపోయిందమ్మా" అన్నాను. చేతులు జోడించి దండం పెట్టింది.

సీటు రాలేదు. వచ్చే దారి నేనే మూసేశాక ఎలా వస్తుంది? తర్వాత బీఫార్మసీకి పెట్టాం. గుడివాడలో సీటొచ్చింది, రోజూ రైల్లో వెళ్లి రావచ్చు. ఏడుకొండలు సంతోషపడ్డాడు. నేనూ అన్నీ సర్దుకున్నాయనుకున్నాను. ఇంతవరకే అయితే పొరపాటు అనో, అతి ప్రేమ అనో పేరు పెట్టుకుని బతికేసేదాన్నేమో. ఆ తర్వాత దుర్గ మళ్లీ వచ్చింది. వరండా మెట్ల మీద నిలబడి అడిగింది.

"మేడమ్, మా క్లాసు నాగాయలంక అబ్బాయికి ఫిషరీస్ వచ్చిందంటండి. ఆ అబ్బాయి ర్యాంకు నా వెనకాలే కదండీ?"

చెప్పడానికి దేవుడిచ్చిన క్షణం అది. నోరు తెరిచాను.

"అది వేరే కోటా అమ్మా. ఆ లెక్కలు నీకర్థం కావులే."

"అంతేనాండీ." కాలి బొటనవేలితో మెట్టు మీద ఇసుక రాసింది. "నేనింకాస్త చదివుంటే బావుండేదండి."

అనుమానం లేదు. కోపం లేదు. తప్పు తన మీదే వేసుకుని వెళ్లిపోయింది. నేను లోపలికొచ్చి పప్పులో పోపు వేశాను. పోపు మాడిపోయింది. అది గుర్తుంది.

దుర్గ బాగానే స్థిరపడింది. హైదరాబాదులో మందుల కంపెనీలో ఉద్యోగం. తెల్లకోటు వేసుకుని తీయించుకున్న ఫోటో నాకు పంపింది. దాన్ని ఫిజిక్స్ ఆయనకు చూపించాను కూడా. "ఓహో, ఎవరండీ ఈ అమ్మాయి?" అన్నాడు. అంతే, నా విజయం అంత! ఏటా గురుపూజోత్సవం నాడు అందరికంటే ముందు దుర్గ ఫోనే వచ్చేది. "మీ వల్లేనండి" అనేది. ఆ మాట విన్నప్పుడల్లా ఏదో పని ఉందని పెట్టేసేదాన్ని.

అంతకంటే ఘోరం ఇంకొకటి జరిగింది. ఆ ఊరి పిల్లలు ఒకరి తర్వాత ఒకరు వచ్చేవారు కదా. ఫిషరీస్ ఉందిరా అంటే, "అది మనకి రాదండి, దుర్గక్కకే రాలేదు" అనేవారు. ఆ ఇళ్లలో అదొక తీర్పు అయిపోయింది. చేపలతో పుట్టి పెరిగిన పిల్లలు, చేపల చదువు మనది కాదని తప్పుకున్నారు. ఆ తీర్పు ఇచ్చింది ఎవరో తెలిసింది నాకొక్కదానికే. అయినా పెదవి విప్పలేదు. వాళ్లకు నర్సింగు, పారామెడికల్, ఏదో ఒకటి పెట్టి పంపించాను. ఒక్కరికైనా గట్టిగా, "వస్తుంది, పెట్టు" అని ఉండకూడదా? అంటే, మరి దుర్గకెందుకు రాలేదని అడుగుతారు. అదీ భయం.

మొన్న వానల్లో దుర్గ ఫోన్ చేసింది. "మేడమ్, మా అన్నయ్య కూతురు హారిక వస్తుందండి. ఫిషరీస్ అంటూ మొండికేస్తోంది. మీరే కాస్త చెప్పండి. మనకి రావు కదండీ అవి" అంది. మనకి, అంది. ఆ ఒక్క మాట నన్ను కూర్చోనివ్వలేదు. డాబా ఎక్కాను, దిగాను. ఉతికిన బట్టలే మళ్లీ నానబెట్టాను. పక్కింట్లో గిల్టు నగలకు మెరుగుపెట్టే మిషను రోజూ చేసే చప్పుడే ఆ రోజు నా తలలో చేస్తున్నట్టనిపించింది.

హారిక వాళ్ల నాన్నతో వచ్చింది. ఇద్దర్నీ లోపలికి రమ్మన్నాను, ఈసారి వచ్చేదాకా వదల్లేదు. ఆయన కుర్చీ అంచున కూర్చున్నాడు. పిల్ల ఫోను నంబరే రిజిస్టర్ చేయించాను. ల్యాప్‌టాప్ దాని ఒళ్లో పెట్టి, నువ్వే నొక్కు అన్నాను. ఫిషరీస్ మొదట పెట్టి ఆగింది.

"దుర్గత్తకి రాలేదు కదా మేడమ్. నాకొస్తుందంటారా?"

నేను ఆలోచించుకుని చెప్పలేదు. ఎప్పటి నుంచో గొంతులో ఉన్నది దానంతటదే జారింది. "మీ అత్తకీ వచ్చేదేనమ్మా. నేనే పెట్టలేదు."

వాళ్ల నాన్న తలెత్తి చూశాడు. హారిక ఓటీపీ కొట్టి లాక్ చేసింది. కాఫీ పెడతానన్నాను. వద్దండి అని లేచి వెళ్లిపోయారు.

మర్నాడు దుర్గ ఫోన్ వచ్చింది. ఎందుకు చేశారని అడుగుతుందనుకున్నాను. ఫిజిక్స్ ఆయన, వాసన, తెల్లకోటు, అన్నీ చెప్పడానికి సిద్ధమయ్యాను. తిట్టినా పడదామనుకున్నాను. అది వేరేది అడిగింది.

"మేడమ్, నిజంగా సరిపోయిందాండీ నా ర్యాంకు?"

"సరిపోయిందమ్మా."

వెంటనే ఫోన్ పెట్టేసింది. ఏడుస్తోందో లేదో తెలియలేదు. క్షమించమని అడిగే వీలు కూడా ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే అడిగేదాన్నా? ఏమో. అడిగి ఉంటే, సరేనండి అనేసేది. దానికి నాతో అలవాటైపోయిన మాట అదే.

హారికకు సీటొచ్చింది. ఆ మెసేజ్ నా ఫోనుకు రాలేదు. కోనేరు సెంటర్లో కూరగాయలు కొంటుంటే వాళ్ల నాన్న కనిపించి చెప్పాడు. ముఖం పక్కకు తిప్పుకునే చెప్పాడు, అయినా చెప్పాడు.

మొన్న గురుపూజోత్సవం నాడు ఫోను పక్కనే పెట్టుకుని కూర్చున్నాను. పాత విద్యార్థులు చాలామంది చేశారు. దుర్గ చేయలేదు. సాయంత్రానికి నాకొక విచిత్రం తోచింది. ఇన్నేళ్లలో ఆ పండగ నాడు "మీ వల్లేనండి" అనే అబద్ధం వినకుండా గడిచిన రోజు ఇదొక్కటే.