సుందరరాజులు మామ, వదలని వైస్

మా సుందరరాజులు మామకు ఒక్కటే జబ్బు. ఎదుటి మనిషికి పని చెప్పకుండా ఉండలేడు, తాను మాత్రం వేలు కదపడు. పాండూరులో ఆయన ఇంటికి పెళ్లిపత్రిక ఇవ్వడానికి పోయినవాళ్లు కొబ్బరి మట్టలు ఏరి వచ్చారు. కరెంటు రీడింగు తీయడానికి వచ్చినతను పందిరి గుంజ పట్టుకుని నిలబడ్డాడు. మామ కుర్చీలో కూర్చుని, "ఆ పక్క రవంత ఎత్తప్పా" అంటూ ఉంటాడు.

అలాంటివాడి ఇంటికి నా అంతట నేనే పని మోసుకుని పోయాను.

కారణం నా కుడిచెయ్యి. తిరువళ్లూరు బస్టాండు దగ్గర, ఆగి ఉన్న స్కూటర్ మీది నుంచి పడి మణికట్టు విరగ్గొట్టుకున్న ఘనుణ్ణి నేను. కట్టు విప్పాక పిడికిలి ముడుచుకోలేదు. రోజూ నొక్కమని డాక్టరు ఒక రబ్బరు బంతి ఇచ్చి, బద్ధకిస్తే చెయ్యి ఇలాగే ఉండిపోతుందన్నారు. నొప్పి పుడుతోందని బంతిని బీరువా మీద పెట్టేశాను. పెళ్లిపంక్తిలో అరిటాకు ముందు చెంచాతో కూర్చుంటే వడ్డించేవాడు కూడా జాలిగా చూసేవాడు. చేత్తో అన్నం కలుపుకునే యోగం ఇక లేదేమోనని లోపల భయంగానే ఉండేది.

ఆ దిగులులో సెల్‌ఫోన్లో వడ్రంగం వీడియోలు చూసి చూసి, తిరుత్తణిలో పాత ఇనుప సామాన్ల అంగట్లో ఒక వైస్ కొన్నాను. చెక్కను రెండు దవడల మధ్య బిగించి పట్టే పాతకాలపు సాధనం. నిండా తుప్పు. మేకు కొట్టడం రానివారికి ఇదెందుకని నా భార్య ఉష అడిగింది.

"పాతకాలం సరుకు, గట్టిది" అన్నాను.

"మీకంటే నయమే" అంది.

ఇంట్లో చోటు లేక దాన్ని మామ షెడ్డుకు చేర్చాను.

"యాడ కొన్నావురా దీన్ని?"

"తిరుత్తణిలో మామా."

"అంత దూరం పోయి, కొండెక్కి సామిని చూడకుండా ఇనుము మోసుకోని వచ్చినావా? సరి, కిరసనాయిలు పొయ్యి. బ్రష్షుతో రుద్దు. నేను చూస్తా ఉంటా."

రుద్దాను. మర తిప్పే కడ్డీని ఎడమచేత్తో పట్టుకోగానే మామ కేక పెట్టాడు.

"ఎడంచేత్తోనా! ఆయుధపూజకు బొట్టు పెట్టే సామానురా అది! కుడిచేత్తో తిప్పు."

"నొప్పి మామా."

"నొప్పి నీకు గదా, దానికి కాదే. తిప్పు."

ప్రతి ఆదివారం ఇదే వరస. నూనె పోసి, తిప్పి తిప్పి వదులు చేసి, దవడలు మూసి వచ్చేవాణ్ణి. మళ్లీ వారం పోయేసరికి అవి తెరుచుకునేవి కావు. "తుప్పు లోపల ఉండాదిరా, అంత లేసుగా వదల్దు" అనేవాడు మామ. నేనూ తలాడించి, ఇనుములో తేమ ఎలా చేరుతుందో వీడియోలో విన్నదంతా ఆయనకు ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. పొద్దుపోని ముసలాయనకు నా వల్ల కాస్త కాలక్షేపం అని జాలి కూడా పడ్డాను.

ఒక ఆదివారం కాస్త ముందుగా పోయాను. షెడ్డులోంచి మూలుగు వినిపించింది. తొంగి చూస్తే, మామ! పంచె ఎగ్గట్టి, చెమటలు కారుస్తూ, రెండు చేతులతో కడ్డీకి వేలాడి దవడలు బిగిస్తున్నాడు. మామ పని చేయడం నా జన్మలో అదే మొదటిసారి చూడడం. వెనకనుంచి కాంచన అత్త కాఫీ తెచ్చింది.

"పోయిన నెలే అది నున్నగా తిరిగింది నాయనా. నువ్వు వచ్చే ముందర ఈయనే బిగిస్తాడు. నీ చెయ్యి తాళేదాన్నిబట్టి వారానికి రవంత ఎక్కువ. డాక్టరమ్మ ఇచ్చిన బంతి నువ్వు ముట్టుకోలేదని ఉష ఫోన్లో ఏడ్చిందిలే."

మామ నన్ను చూసి కడ్డీ వదిలేసి, గబగబా పోయి కుర్చీలో కూర్చున్నాడు.

"ఏంరా, వేడుక చూస్తా నిలబడినావు? తిప్పు!"

తిప్పాను. నా వేళ్లు కడ్డీ చుట్టూ పూర్తిగా ముడుచుకుని ఉన్నాయి. ఎప్పటి నుంచి అలా ముడుచుకుంటున్నాయో ఇనుము శాస్త్రం చెబుతూ కూర్చున్న నేను గమనించనే లేదు. మామ మీద ప్రేమ పొంగుకొచ్చింది, నా తెలివి మీద నవ్వూ వచ్చింది.

ఆ మధ్యాహ్నం అత్త ఇద్దరికీ ఆకులు వేసింది. సాంబారన్నం కలిపి, ముద్ద చేసి, కారకుండా తిన్నాను. మామ నేను ఆఖరి ముద్ద మింగేదాకా చూస్తూ ఉండి, గట్టిగా తేన్చాడు.

"తిన్నావు గదా. లెయ్యి. నా ఆకు గూడా నువ్వే ఎత్తు."