గొలుసులో ఇద్దరు

అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్ తెలుగు క్రైస్తవ సంఘంలో సౌండ్ బాగుంటే అది దేవుని కృప. పాడైతే సౌండ్ చూసే లెవి తప్పు. మూడేళ్లుగా ఆదివారాలు ఈ లెక్క ప్రకారమే నడుస్తున్నాయి.

వారమంతా లెవి చేసేది కూడా అలాంటి పనే. సీటుబెల్టు పెట్టుకోకపోతే కారులో మోగే గంట సరిగ్గా మోగుతోందో లేదో పరీక్షించే కాంట్రాక్టు ఉద్యోగం. ఆ గంట ఎప్పుడు ఆగుతుందా అని ఎదురుచూసేవాళ్లే తప్ప, దాన్ని కోరి వినేవాళ్లు ఈ లోకంలో లేరు. సాయంత్రం గదికి వస్తే ఫ్రిజ్ చప్పుడు ఒక్కటే తోడు.

అతను చేసిన సౌండ్‌ను కోరి వినే మనిషి మాత్రం ఒకరున్నారు. వసంతకుమారి ఆంటీ. డెబ్బై దాటిన ఆవిడకు చెవులు బాగా తగ్గిపోయాయి. హాల్లో ప్రసంగం ఆవిడకు వట్టి హోరు. అందుకని లెవి మైకుల సౌండ్‌ను చర్చి లాప్‌టాప్‌లోకి తెచ్చి, అక్కణ్ణుంచి బ్లూటూత్ హెడ్‌ఫోన్లకు పంపే ఏర్పాటు చేశాడు. ఆ లాప్‌టాప్ ఎవరో పారేయబోతుంటే తెచ్చుకున్నది. ముసలి యంత్రం కాబట్టి దానిలో లైనక్స్ అనే తేలికపాటి ఉచిత సిస్టమ్ వేశాడు. తలమీద కొంగు, కొంగు మీద హెడ్‌ఫోన్లు పెట్టుకుని మూడో వరసలో ఆవిడ కూర్చుంటే చూసినవాళ్లు నవ్వుకునేవారు. ఆవిడ మాత్రం ఆరాధన కాగానే తిన్నగా లెవి దగ్గరికి వచ్చి, "ప్రతి మాటా వినపడింది నాయనా. తిన్నావా?" అని అడిగేది. ఆ ఊళ్లో అతన్ని ఆ మాట అడిగేవాళ్లు మరొకరు లేరు.

ఆవిడ కాపెల్ అనే దూరపు ఊళ్లో ఉన్న కూతురు ప్రిస్సిల్లా దగ్గరికి వెళ్లిపోతోంది. ఈ ఆదివారమే ఆఖరు. సంఘమంతా ఆవిడ గురించి నాలుగు మాటలు చెప్పి, పాట పాడి సాగనంపుతారు. "ఈ ఒక్కరోజు స్పష్టంగా వినిపించు బాబూ, మళ్లీ ఈ గొంతులు నాకు దొరకవు" అని ఆవిడ ముందే చెప్పి పెట్టుకుంది.

అంతా బాగుండాలనే లెవి శనివారం లాప్‌టాప్‌ను కొత్త వెర్షన్‌కు మార్చాడు. పాట పెట్టి హెడ్‌ఫోన్లలో విన్నాడు. పాట ఏ లోపమూ లేకుండా వినిపించింది.

ఆదివారాలు పొద్దున ఎనిమిది నుంచి పన్నెండు దాకా చైన్ ప్రేయర్ ఉంటుంది. గంటకొకరు ఆన్‌లైన్ కాల్‌లో కూర్చుని ప్రార్థించి, తరవాతివాళ్లు వచ్చాకే వెళ్లాలి. గొలుసు తెగకూడదు. ఆఖరి గంట ఎవరూ తీసుకోరు, అందరూ స్నానాలూ వంటలూ హడావుడిలో ఉంటారు. అది లెవికి వచ్చింది. కింద ఆ భవనం సొంతదారులైన అమెరికన్ల ఆరాధన జరుగుతుంటే, పైన పిల్లల గదిలో చర్చి లాప్‌టాప్ ముందు మోకాలెత్తు కుర్చీలో కూర్చుని, మైకు మూసేసి ఊరికే ఉండేవాడు. ప్రార్థించేవాడు కాదు. ఏం అడగాలో అతనికి తోచేది కాదు. తెరమీద అతని పేరు కింద ప్రతివారం ఇంకొక పేరు ఉండేది: ప్రిస్సిల్లా. ఆమె కూడా పలికేది కాదు. సంసారం ఉన్న మనిషి, పలకరించడానికి మనమెవరం అని ఊరుకునేవాడు.

ఆ ఆఖరి ఆదివారం పన్నెండు కాగానే తెరమీది కాల్ కిటికీ మూసేసి, లాప్‌టాప్‌తో కిందికి దిగి వైర్లు కలిపాడు. పన్నెండున్నరకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాడు. వేదిక మీది కీబోర్డు రేకు డబ్బాలో వాయించినట్టుంది. పాడేవాళ్లు బావిలోంచి పిలుస్తున్నట్టున్నారు.

హెడ్‌ఫోన్లను తీసేసి మళ్లీ కలిపాడు. సౌండ్ సర్వీసును ఆపి మళ్లీ మొదలుపెట్టాడు. నెట్‌లో ఫోరమ్‌లు వెతికాడు. ఒకాయనకు సరిగ్గా ఇదే జబ్బు. కింద ఆయనే రాసుకున్నాడు: "సరిపోయింది, థాంక్స్." ఎలా సరిపోయిందో రాయలేదు.

"ఏమయ్యా లెవి, బాగున్నదాన్ని కెలకడం ఎందుకు?" సంఘ కార్యదర్శి ఆనందబాబు వెనకనుంచి వంగాడు. "ఇంకో పది నిమిషాల్లో స్టార్ట్ చేయాలి."

"అప్‌డేట్ అడిగింది అంకుల్."

"అది అడిగితే ఇచ్చేయడమేనా? మా వాడు రోజూ కొత్త ఫోన్ అడుగుతాడు, కొనిస్తున్నానా?"

లెవి సెట్టింగులు ఒక్కొక్కటీ తెరుస్తూ పోతే ఒకచోట దొరికింది. మైకును ఏదో వాడుతోంది. ఏ ప్రోగ్రామైనా మైకు పట్టుకుంటే చాలు, కొత్త వెర్షన్ హెడ్‌ఫోన్లను తనంతట తానే, సౌండ్ రేకులా మారిపోయే ఫోన్ మాటల పద్ధతిలోకి దించేస్తోంది. పాత వెర్షన్ అలా చేసేది కాదు. మైకు పట్టుకున్నది చైన్ ప్రేయర్ కాల్. కిటికీ మూస్తే అది ఇదివరకులా ఆగిపోలేదు. ఓ మూల దాక్కుంది. తెరిచి చూశాడు. రెండు పేర్లు అలాగే ఉన్నాయి. లెవి, ప్రిస్సిల్లా.

పన్నెండు దాటి ముప్పావుగంట అయింది. ఈమె ఇంకా ఎందుకుంది?

తలెత్తాడు. మూడో వరసలో వసంతకుమారి ఒడిలో బైబిలు, బైబిలు మీద వెలుగుతున్న ఫోను. దగ్గరికి వెళ్లి చూశాడు. అవే రెండు పేర్లు.

"ఆంటీ, ఇది మీరా?" అని చెవి దగ్గర గట్టిగా అడిగాడు.

"ఫోను అమ్మాయిది. పాతదైతే నాకిచ్చింది. పేరు మార్చడం నాకు రాదు."

"ప్రతివారం మీరేనా?"

"నాకేం వినపడుతుంది గనక? నీ పేరు కనపడేది. పిల్లాడు ఒక్కడే కూర్చున్నాడు, వదిలేసి పోతే ఎట్లా అని ఉండేదాన్ని. బాగా ప్రార్థన చేస్తావటగా?"

లెవి పలకడు. ఆవిడకు వినపడదు. ఇన్ని వారాల గొలుసు అదీ.

"ఇవాళ పన్నెండైనా నువ్వు పోలేదు," అందావిడ. "పాపం ఏదో పెద్ద భారమే ఉంది అనుకున్నా. తీసుకొచ్చినవాళ్లను కారులో కూడా కాల్ కట్ చేయనివ్వలేదు."

హెడ్‌ఫోన్లు ఆవిడ కొంగు మీద పెట్టి, లెవి లాప్‌టాప్ దగ్గరికి వచ్చాడు. వేలు కాసేపు తెరమీదే ఆగింది. తరవాత కాల్ ముగించాడు. ఆవిడ చెవుల్లో కీబోర్డు స్వరం ఒక్కసారిగా విచ్చుకుంది. వసంతకుమారి అదిరిపడి, రెండు చేతులతో హెడ్‌ఫోన్లు పట్టుకుని, వెనక్కి తిరిగి అతనికేసి తల ఊపింది. గంటన్నరసేపు ఒక్కొక్కరూ లేచి ఆవిడ గురించి చెప్పారు. ఆవిడ ప్రతి మాటా విని, ఏడ్చి, నవ్వింది. లెవి గురించి ఎవరూ ఏమీ అనలేదు. సౌండ్ బాగుంది మరి.

వెళ్లేటప్పుడు "తిన్నావా?" అని అడిగింది. "తిన్నాను" అని అబద్ధం చెప్పాడు.

తరవాతి ఆదివారం పదకొండుకు పిల్లల గదిలో కూర్చున్నాడు. తెరమీద అతని పేరు ఒక్కటే. పదకొండున్నర. పన్నెండు. కింద అమెరికన్లు కుర్చీలు సర్దుతున్న చప్పుడు. ముగించబోతుంటే తట్టింది, కాపెల్ గడియారం ఇక్కడికంటే గంట వెనక, అక్కడ ఇప్పుడే పదకొండు.

ఆగాడు. మూడు నిమిషాలకు ఆ పేరు వచ్చింది. ప్రిస్సిల్లా.

మొదటిసారి మైకు తెరిచాడు.

"తినలేదు ఆంటీ. ఆ రోజూ తినలేదు," అన్నాడు. ఆవిడకు వినపడదని తెలుసు. అయినా చెబుతూ పోయాడు. గది గురించి, ఫ్రిజ్ గురించి, కారులో మోగే గంట గురించి.

ఆనందబాబు తలుపు తోసి, "కింద సౌండ్ పెట్టవేమయ్యా?" అన్నాడు.

"గొలుసులో ఉన్నాను అంకుల్," అన్నాడు లెవి. "తెగకూడదుగా."