మిషనమ్మ విన్న మోర్స్

బట్టలు కుట్టే మిషనమ్మకు ఎదుటివాళ్ళ మనసులు తెలిసిపోతాయని వీధిలో పేరు. ఆ పేరు పుట్టించింది ఆమె మొగుడే. ముప్పై నాలుగేళ్ళు ఇంటింటికీ తిరిగి నీటి మీటర్లు చూసి రాసుకొచ్చిన ఉద్యోగం ఆయనది. అందుకని అందరూ మీటర్లాయన అనేవారు. "మా ఇంట్లో నేను నోరు విప్పక్కర్లేదండీ. నాకేం కావాలో ఆవిడకి ముందే తెలిసిపోతుంది" అని గేటు దగ్గర నిలబడి గొప్పగా చెప్పేవాడు. వినేవాళ్ళు ఇళ్ళకు వెళ్ళి తమతమ పెళ్ళాల మీద విసుక్కునేవారు.

ఆయన చెప్పిందాంట్లో అబద్ధం లేదు. కూరలో ఉప్పు ఎక్కువైందని ఆయన ఏనాడూ అనలేదు. మర్నాటికి అదే తగ్గేది. కొత్త చొక్కా మెడ దగ్గర ఒరుసుకుంటోందని అనలేదు. ఆయన స్నానం చేసి వచ్చేసరికి కాలరు విప్పి మళ్ళీ కుట్టి ఉండేది. ఒకసారి సొంత చెల్లెలు వచ్చి నెల రోజులు ఉంటానని తిష్ట వేస్తే లోలోపలే నలిగిపోయాడు. నాలుగో రోజుకల్లా ఎవరికీ మనసు కష్టపడకుండా ఆ చెల్లెలి ప్రయాణం ఖాయమైంది.

ఇంత మహిమకూ కారణం ఒక్కటే. మిషనమ్మకు మోర్స్ వచ్చు.

మీటర్లాయనకు రేడియో పిచ్చి. వినే రేడియో కాదు, మాట్లాడే రేడియో. లైసెన్సు తీసుకుని, మేడ మీద తీగ కట్టుకుని, ముక్కూ మొహం తెలియని వాళ్ళతో ఆకాశంలోంచి కబుర్లాడుకునే పిచ్చి. పెళ్ళయిన కొత్తలో ఆ లైసెన్సు పరీక్షకు చదివేవాడు. పొట్టి కూతలూ పొడుగు కూతలూ విని వాటిని అక్షరాలుగా రాయాలి. టేపు రికార్డరు కూస్తుంటే ఆయన రాసేవాడు. ఆమె జవాబుల కాగితం పట్టుకుని ఎదురుగా కూర్చునేది, తప్పులు పట్టడానికి. మూడు నెలలకు ఆమెకు కాగితం చూడాల్సిన అవసరం లేకపోయింది. ఆయన మాత్రం ఆ ఏడు పరీక్ష తప్పాడు. ఇంటికొచ్చిన ఆ మొహం చూశాక, నాకు వచ్చేసిందండీ అని చెప్పబుద్ధి కాలేదు. రెండో ఏడు ఆయన ప్యాసయ్యాడు. అప్పుడు చెబుదామనుకుంది. కానీ ప్యాసైన వారానికే ఆయనకు ఆకాశంలో ఒక స్నేహితుడు దొరికాడు. ఆ స్నేహితుడితో ఆయన అన్న మొదటి మాట, 'మా ఆవిడకి కోపం ఎక్కువ.' గోడకు ఇవతల కుట్టుమిషను తొక్కుతున్న ఆమె, ఇంకొన్నాళ్ళు విందామనుకుంది.

ఆ కొన్నాళ్ళు ముప్పై ఏళ్ళయ్యాయి.

స్నేహితుడు ఎక్కడో సముద్రపు ఒడ్డున లైట్‌హౌస్‌లో పనిచేసేవాడు. పేరు ఏదైనా ఇంట్లో అతను లైట్‌హౌసే. రోజూ సాయంత్రం ఆరింటికి ఇద్దరూ కలిసేవారు. ఇంగ్లీషు అక్షరాలు, మన మాటలు. ఇంట్లో పగలంతా 'ఊఁ', 'సరే', 'చూద్దాం' తప్ప మరో మాట ఎరగని మనిషి, ఆ గంటసేపూ చేతివేళ్ళతో కడుపులోదంతా కక్కేవాడు. ఎవడైనా వినవచ్చు గదా అని ఒకసారి లైట్‌హౌస్ అడిగితే, 'ప్రపంచమంతా విననీ, నాకేం. ఇంట్లో ఆవిడకి రాదు, అంతే చాలు' అన్నాడు.

మిషనమ్మ తన కాలిమిషనుకు మోటారు బిగించుకున్నప్పుడు కూడా అంతే. 'మోటారు పెట్టించింది, చెవుల్లో కందిరీగలు దూరినట్టుంది, నీ మాట సగం వినబడటం లేదు' అని వాపోయాడు. మర్నాటి నుంచి ఆరు నుంచి ఏడు దాకా ఆమె మోటారు ఆపి కాలితోనే తొక్కింది. 'చూశావా, చెప్పకుండానే ఆపేసింది' అని ఆ సాయంత్రమే లైట్‌హౌస్‌కు చెప్పుకుని మురిసిపోయాడు. అది కూడా ఆమె విన్నది.

మీటర్లాయన ఉద్యోగ విరమణ చేసిన నెలకు ఆయన తమ్ముడు ఒక కంప్యూటరు పట్టుకొచ్చాడు. కంప్యూటర్లు బాగుచేసే కొట్టు అతనిది.

"ఇంకా ఆ టకటక ఏమిటన్నయ్యా? ఇప్పుడంతా డిజిటల్. రేడియోకి దీన్ని తగిలిస్తే అదే పిలుస్తుంది, అదే పలుకుతుంది. మనిషి చెవికి అందనంత సన్నటి సిగ్నల్ కూడా పట్టేస్తుంది" అన్నాడు. వెళ్తూ వెళ్తూ వంటింట్లోకి తొంగిచూశాడు. "వదినా, నీకు పీడ విరగడైంది. ఇక చప్పుడే ఉండదు."

"అయ్యో, అలవాటైపోయింది మరిదీ. ఉంటేనే బాగుంటుందేమో" అందామె.

"భలేదానివే!" అని నవ్వాడు మరిది.

నిజంగానే చప్పుడు పోయింది. మీటర్లాయన పొద్దున్న పదింటికి తెర ముందు కూర్చుంటే సాయంత్రం దాకా లేచేవాడు కాదు. పావు నిమిషానికోసారి తెర మీద నాలుగు వరసలు పడేవి. ఆయన ఒక వరస మీద నొక్కేవాడు. ఆరింటి మాట మరిచిపోయాడు. టీ ఇవ్వడానికి వెళ్ళినప్పుడు ఆమె ఆ వరసలు చదవాలని చూసింది. అక్షరాలూ అంకెలూ కలిపిన ముద్దలు.

"ఎన్ని దేశాలయ్యాయండీ?"

"నూట పద్నాలుగు."

"ఏం మాట్లాడారు వాళ్ళతో?"

"నేనెంత గట్టిగా వినబడుతున్నానో వాళ్ళు చెప్పారు."

"ఇంకా?"

"వాళ్ళెంత గట్టిగా వినబడుతున్నారో నేను చెప్పాను."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత ఇంకో దేశం."

ఆమె ఖాళీ కప్పు తీసుకుని వచ్చేసింది. పెనిమిటి ఉప్పు సంగతి నూట పద్నాలుగు దేశాల్లో ఒక్కదానికీ చెప్పలేదు.

అక్కణ్ణుంచి ఆమె మహిమ తగ్గసాగింది. ఆయనకు పళ్ళు సలుపుతున్నప్పుడు గట్టి అటుకులు వేయించి పెట్టింది. ఎవరినీ చూడబుద్ధి కాని రోజున చుట్టాలను భోజనానికి పిలిచింది. ఆయన కళ్ళతో చురచురా చూడటం, ఆమె ఎందుకో తెలియక తెల్లమొహం వేయడం, రోజూ ఇదే వరస. పైగా కంప్యూటరు చప్పుడు చేయదు గనక దానికి చెవులూ ఉండవనుకుని, ఆమె పగలంతా నిశ్చింతగా మోటారు తిప్పుకుంది.

తొమ్మిది నెలలు గడిచాయి. ఒకరోజు వడ్రంగి వచ్చి వీధి గదిలో మిషను బల్లను టేపుతో కొలిచాడు. తర్వాత పెరట్లో రేకుల గది తలుపు కొలిచాడు.

"ఎందుకయ్యా ఈ కొలతలు?"

"అదేంటమ్మా, అయ్యగారు చెప్పలేదా? శుక్రవారం మీ మిషను రేకుల గదిలోకి మార్చేయాలంటగా. బల్ల ఆ తలుపులో పడుతుందో లేదో చూడమన్నారు."

వీధి గదిలో కిటికీ పక్కన ఆమె ఇరవై ఆరేళ్ళుగా కూర్చుంది. ఆ కిటికీలోంచే బళ్ళో పిల్లల యూనిఫారాలకు కొలతలు తీసుకుంది, ఆ కిటికీలోంచే కుట్టినవి అందించింది. ఆ వెలుతుర్లో అయితే ఇప్పటికీ కళ్ళజోడు లేకుండా సూదిలోకి దారం ఎక్కుతుంది. రేకుల గదికి కిటికీ లేదు. వెనక్కి వెళ్ళాక ఆమె కోసం సందు తిరిగి వచ్చే మనిషి ఉండడు. ఆమె తిన్నగా మొగుడి దగ్గరికి వెళ్ళింది.

"వడ్రంగి వచ్చాడు."

"ఊఁ."

"నా మిషను ఎందుకు మారుస్తున్నారు?"

ఆయన తెర మీది నుంచి కళ్ళు తిప్పి ఆమెను ఎగాదిగా చూశాడు. "నీకు తెలియదూ?"

"తెలియదు."

"అన్నీ తెలిసినదానికి ఇదొక్కటీ తెలియలేదు కాబోలు" అని మళ్ళీ తెర వైపు తిరిగాడు.

ఆమెకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. అడిగితే చెప్పడు. చెప్పకపోయినా తెలుసుకోగలదని నమ్మే మనిషికి, తెలియలేదంటే పొగరులా కనబడుతుంది. ఆయన లోపలి మాట ఎరిగినవాడు లోకంలో ఒక్కడే.

మర్నాడు మీటర్లాయన రేడియో క్లబ్బుకు వెళ్ళాడు, డిజిటల్ పద్ధతి గొప్పతనం గురించి ఉపన్యాసం ఇవ్వడానికి. ఆరింటికి ఐదు నిమిషాల ముందు ఆమె రేడియో గదిలోకి వెళ్ళి కుర్చీలో కూర్చుంది. ఏ మీట ఎటు తిప్పాలో ముప్పై ఏళ్ళు టీ కప్పులు మోసిన మనిషికి ఒకరు చెప్పాలా? కంప్యూటరు తీగ పీకి రేడియో పెట్టింది. సరిగ్గా ఆరింటికి ఆ పాత చోటే, ఆ పాత కూత. లైట్‌హౌస్ ఆమె మొగుణ్ణి పిలుస్తున్నాడు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. ఎవరూ పలకని చోట తొమ్మిది నెలలుగా రోజూ అలాగే పిలుస్తున్నాడేమో.

ఆమె మీట మీద వేలు పెట్టింది. చెవికి కరతలామలకమైంది చేతికి కొత్త. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ జవాబు కొట్టింది.

'ఎవరది?' అన్నాడు లైట్‌హౌస్. 'చెయ్యి కొత్తగా ఉంది.'

'నేను.'

'నేనంటే?'

'ఇంట్లోంచి.'

'ఆవిడకి రాదన్నాడే!'

'వచ్చు అన్నయ్యగారూ. నా మిషను పెరట్లోకి మారుస్తున్నారు. ఎందుకో మీకేమైనా చెప్పారా?'

'కంప్యూటరు వచ్చిందని చెప్పి పోయినవాడు, నాతో మాట్లాడి తొమ్మిది నెలలైంది. వాడి సంగతి నీకేమైనా తెలిస్తే నువ్వే నాకు చెప్పమ్మా.'

"పొడుగు కూతలు పొట్టిగా పడుతున్నాయి" అన్నారెవరో వెనకనుంచి.

ఆమె ఉలిక్కిపడి తిరిగింది. గుమ్మంలో మీటర్లాయన. ఉపన్యాసానికి ఇద్దరే వచ్చారట. రేడియో మనిషికి చేతి తప్పు వినబడితే దిద్దకుండా ఉండలేడు. దిద్దాకే, ఎవరి చేతిని దిద్దాడో తట్టింది. ఆయన మొహంలో ముప్పై ఏళ్ళు వెనక్కి నడవడం మొదలుపెట్టాయి. ఉప్పు దగ్గర ఆగాయి, కాలరు దగ్గర ఆగాయి, చెల్లెలి దగ్గర చాలాసేపు ఆగాయి.

"లైసెన్సు లేకుండా..." అన్నాడు నీరసంగా. చట్టం తప్ప ఆ క్షణాన ఆయనకు ఏ ఆధారమూ దొరకలేదు.

"పట్టించండి. ముందు నా మిషను ఎందుకు మారుస్తున్నారో చెప్పండి."

"అన్నీ విన్నావా?"

"విన్నవన్నీ చేశాను గదండీ. ఇది వినలేదు, అందుకే చెయ్యలేదు."

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. వేళ్ళు మీట కొడుతున్నట్టు మోకాలి మీద ఆడాయి.

"నోటితో" అందామె.

"నీ మోటారు మోత రేడియోలో పడుతోంది" అన్నాడు. "పొద్దస్తమానం. సన్నటి సిగ్నళ్ళు ఒక్కటీ అందడం లేదు. నీకు తెలిసే తిప్పుతున్నావనుకున్నాను."

ముప్పై ఏళ్ళు దాటిన కాపురంలో ఆయన ఆమె మొహం మీద చేసిన మొదటి ఫిర్యాదు అది. ఇంత చిన్నదా అని ఆమెకు ఆశ్చర్యం వేసింది.

"వడ్రంగికి కబురు పెట్టండి, రావద్దని. పగలు మోటారు నాది. ఆరు నుంచి రేడియో మీది. మిషను కదలదు."

"పగలంతా..."

"కదలదు."

"సరే" అన్నాడు.

ఈలోగా లైట్‌హౌస్ ఆత్రంగా కూస్తూనే ఉన్నాడు: 'అమ్మా, ఉన్నావా? వాడు వచ్చాడా? ఏమన్నాడు?' ఆమె కుర్చీ ఖాళీ చేసింది. మీటర్లాయన కూర్చుని మీట మీద వేలు పెట్టాడు. చెప్పాల్సింది కొండంత ఉంది. ఆమె గుమ్మానికి ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఆయన ఒకసారి వెనక్కి చూసి, గొంతు సవరించుకుని, పంపాడు: 'అంతా క్షేమం. నువ్వు బాగా వినబడుతున్నావు. ఇక్కడ మబ్బు పట్టింది.'

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. కూర గురించి లేదు, మోటారు గురించి లేదు, చుట్టాల గురించి అసలే లేదు. అవన్నీ ఇప్పుడు భోజనాల దగ్గర తడబడుతూ నోటితో చెబుతున్నాడు. వాటిలో సగం ఆమె ఒప్పుకోవడం లేదు. వారం తిరిగేసరికి లైట్‌హౌస్‌కు విసుగు పుట్టింది. 'ఒరేయ్, మోర్స్‌లోకి తిరిగొచ్చావని సంబరపడ్డాను. ఇదేం మోర్స్‌రా? నీకంటే ఆ కంప్యూటరే నయం' అన్నాడు.

గోడకు ఇవతల అది కూడా విని మిషనమ్మ పంటితో దారం తెంపింది.